బస్తరు కనుమలలో బరువుల ప్రయాణము

ఓరుగల్లు పతనానంతరము కాకతీయాన్వయుడైన అన్నమదేవుడు బస్తరు చేరి రాజ్యము స్థాపించెనను గాథ తెలుగువారికి చిరపరిచితమే కాని, ఆ సీమకు తరతరములుగా ఉప్పు మోసిన లంబాడీల పెరికెడ్లను స్మరించువారు అరుదు. తూర్పుతీరమునుండి కనుమలెక్కి వచ్చు ఆ బిడారులు ఉప్పు దింపి, ధాన్యమును అడవి సరకులను ఎత్తుకొని మరలుచుండెడివి. ఎద్దు నీరు త్రాగనిదే ముందునకు కదలదు గనుక, మజిలీని నిర్ణయించునది నాయకుని ఇచ్ఛకంటె వాగునీటి జాడయే.

డీజిలు లారీ వచ్చిన పిదపను నీటి పెత్తనము తొలగలేదు. 1954లో జంషెడ్‌పూరున టాటా–మెర్సిడిస్ బెంజి లారీల నిర్మాణము ఆరంభమైనది. 1958లో దండకారణ్య పునరావాస పథకమును, జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థయు ఏర్పడినవి. 1968లో బస్తరులోని బైలడిల్లా ఇనుపరాతి గని ఉత్పత్తికి వచ్చినది. ఇనుపరాయి కొత్తవలస–కిరండూలు రైలుమార్గమున విశాఖపట్నమునకు దిగుచున్నను, రాయపూరునుండి జగదల్‌పూరునకు నేరుగా రైలులేమిచే బియ్యము, సిమెంటు, యంత్రములు ఆ దారిలోని కేష్కాల్ ఘాటు 12 మలుపులను లారీలమీదనే ఎక్కవలసివచ్చెను. ఆ ఘాటులోని తెలిన్ సతీమాత గుడియొద్ద బండి నిలిపి దండము పెట్టుకొనుట డ్రైవర్ల ఆచారము.

ఎత్తు పెరిగినకొలది వాయుపీడనము తగ్గి, నీరు తక్కువ వేడికే మరగును. తీరమున 100 డిగ్రీలకు మరగు నీరు, 1,200 మీటర్లకు మించిన బైలడిల్లా శిఖరములపై సుమారు 96 డిగ్రీలకే పొంగును. మూతకు బిగువులేని పాత రేడియేటర్లు ఎక్కుడులో ఆవిరి గ్రక్కగా, క్లీనరు డబ్బాతో నీళ్ళు తెచ్చి, ఇంజను చల్లారువఱకు కాచుకొని పోయవలసినదే. స్ప్రింగు మూత వచ్చి వ్యవస్థను బిగించినంతనే ఈ కథ మారెను: చదరపు సెంటీమీటరునకు 1 కిలో అదనపు ప్రెజరు నిలిచినచో నీరు సుమారు 120 డిగ్రీలవఱకు మరగదు.

చెడిన లారీని గొలుసుతో లాగుకొనిపోవు బండికి ఈ ప్రెజరే ప్రాణము. రెండు బండ్ల భారమును చిన్న గేరులో ఈడ్చునపుడు ఇంజను పూర్తిశక్తితో పనిచేయును, కాని వేగము నడకను మించకుండుటచే ఎదురుగాలి రేడియేటరును చల్లార్పదు. చల్లదనమంతయు ఫ్యానుపై పడును. అందువలన మెకానిక్కు చల్లని ఇంజనుపై రేడియేటరు నింపి, మూత తీసిన కంఠమునకు గడియారము గల చేతిపంపును బిగించి, మూతపై ముద్రించిన అంకెవఱకు ప్రెజరెక్కించి, కొన్ని నిమిషములు ముల్లును కనిపెట్టియుండును. ముల్లు దిగినచో హోసు బిగింపులను, వాటరు పంపు అడుగు రంధ్రమును తడిమి చూచును. వెలుపల ఎచ్చటను తడి కానరానిచో హెడ్ గాస్కెటును అనుమానించును. మూతను వేఱుగా పరీక్షింపవలయును. దాని స్ప్రింగు సడలినచో తక్కినదంతయు గట్టిగానున్నను ఫలము సున్న.

వాగు గట్టున బండి నిలిపి ఆవిరి తగ్గువఱకు ఎదురుచూచిన కాలము పోయినది. నేడు పది నిమిషముల పరీక్ష ఆ గంటల నిరీక్షణను తప్పించును. కావున కనుమ ఎక్కువారు దిగువననే ఈ పరీక్ష గావింపుడు; కాగిన రేడియేటరు మూతను మాత్రము ఎన్నడును విప్పకుడు.