విడివడే పూత: లక్క నుంచి విట్రిమర్ దాకా

పూతల చరిత్రను మన్నిక దృష్టితోనే కాక, తొలగింపు దృష్టితోనూ పరిశీలించవలసి ఉంది. భారతదేశం నుంచి విస్తారంగా ఎగుమతైన లక్క మద్యసారంలో కరుగుతుంది. అందువల్ల పాత పూతను తీసివేసి చెక్కకు మళ్లీ మెరుగు పెట్టడం సాధ్యమైంది. 1907లో లియో బేక్‌లండ్ రూపొందించిన బేకలైట్ మరో మార్గం చూపింది. అడ్డబంధాలతో వలలా అల్లుకున్న ఇటువంటి ఉష్ణదృఢ పాలిమర్లు వేడికి కరగవు, ద్రావణుల్లోనూ కరగవు. పూతకు మన్నిక పెరిగింది; దాని కింది పదార్థాన్ని శుభ్రంగా వేరుచేసి రీసైక్లింగ్‌కు పంపడం కష్టమైంది.

ఈ చిక్కుకు పరిష్కారసూత్రం 1928 నాటికే రసాయనశాస్త్రంలో ఉంది. ఒట్టో డీల్స్, కర్ట్ ఆల్డర్ వివరించిన చర్యలో ఏర్పడే కొన్ని బంధాలు వేడికి విడిపోతాయి, చల్లారితే తిరిగి కలుస్తాయి. 1950లో వారికి నోబెల్ బహుమతి లభించింది. అయితే ఫ్యూరాన్, మాలిమైడ్ వర్గాలతో ఫ్రెడ్ వుడ్ల్ బృందం ఈ గుణాన్ని దృఢమైన అడ్డబంధ పాలిమర్‌లో నిరూపించినది 2002లో. 2011లో లుడ్విక్ లీబ్లర్ బృందం ప్రకటించిన విట్రిమర్లలో బంధాలు సంఖ్య తగ్గకుండానే స్థానాలు మార్చుకుంటాయి.

వాడుకలో తగిలే వేడికి పూత చెదరకూడదు. రీసైక్లింగ్‌లో ఇచ్చే వేడికి విడివడాలి. ఈ రెండు ఉష్ణోగ్రతల నడుమ తగినంత ఎడం ఉంచడమే నేటి రూపకల్పనలోని అసలు సమస్య. లక్కలో సహజంగా ఉన్న తొలగింపు గుణాన్ని, మన్నికను వదులుకోకుండా, బంధాల స్థాయిలో తిరిగి సాధించే ప్రయత్నమే ఇది.