పదో వంతు ప్రాణం

మా అమ్మమ్మ వాళ్ళది అవనిగడ్డ దగ్గర ఒక పల్లె. ఆవిడ ఏ సంగతి చెప్పినా ఉప్పెనకి ముందు, ఉప్పెన తర్వాత అనే చెప్పేది. 1977 నవంబర్ 19న వచ్చిన ఆ దివిసీమ ఉప్పెనలో పదివేల మంది దాకా పోయారని ప్రభుత్వం లెక్క. అమ్మమ్మ ఆ లెక్కని ఎప్పుడూ నమ్మలేదు. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ విశాఖపట్నం మీద పడ్డప్పుడు మన రాష్ట్రంలో పోయినవాళ్ళు వందలోపే. నష్టం మాత్రం ఇరవై వేల కోట్లు దాటిందని రాష్ట్ర ప్రభుత్వం లెక్కగట్టింది. పోయిన ఆస్తి రూపాయల్లోనే చూస్తే, హుద్‌హుద్ పక్కన దివిసీమ ఉప్పెన చిన్నదైపోతుంది. తాటాకు గుడిసెకీ, రెండు గొడ్లకీ ఎంతని ధర కడతారు? ఇక ప్రాణాలకి?

ఈ ప్రశ్న 1995లో ప్రపంచం ముందుకొచ్చింది. ఆ కథ మనవాళ్ళకి పెద్దగా తెలీదు, అందులో మన దేశానికి ముఖ్యమైన పాత్ర ఉన్నా.

వాతావరణ మార్పుని ఆపితే ఎంత లాభం? ఆర్థికవేత్తల పద్ధతి పైకి సులువుగానే కనిపిస్తుంది: ఆపకపోతే జరిగే నష్టాన్ని డాలర్లలో కట్టి, ఆపడానికయ్యే ఖర్చు పక్కన పెట్టి చూడటం. ఈ దారి వేసినవాళ్ళలో ముఖ్యుడు యేల్ ప్రొఫెసర్ విలియం నార్డ్‌హౌస్. అమెరికా ఉత్పత్తిలో 87 శాతం వాతావరణంతో పెద్దగా పనిలేని రంగాలదేననీ, బాగా దెబ్బతినేవి 3 శాతమేననీ 1991లో రాశాడు. ఆ మూడు శాతంలో ముఖ్యమైనది వ్యవసాయం. (మిగతా 97 శాతం మంది ఏం తిని పనిచేస్తారో ఆ పట్టికలో ఉండదు.)

ఐపీసీసీ రెండో నివేదికలో ఈ నష్టాలని ప్రపంచమంతటికీ కూడే పని లండన్ ఆర్థికవేత్త డేవిడ్ పియర్స్ బృందం చేసింది. గాలిలో కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే ప్రపంచ ఆదాయంలో ఒకటిన్నర నుంచి రెండు శాతం పోతుందని తేలింది. అంతేనా అనిపిస్తుంది. ఆ కూడికలో చావులు కూడా ఉన్నాయి. సంపన్న దేశంలో ఒక ప్రాణానికి 15 లక్షల డాలర్లు. పేద దేశంలో లక్ష, లక్షన్నర.

దీన్ని పట్టుకుని రచ్చకెక్కించినవాళ్ళలో ముందున్నది ఆర్థికవేత్త కాదు, వయోలా వాయించే ఆబ్రీ మేయర్ అనే సంగీతకారుడు. మన పర్యావరణ మంత్రి కమల్ నాథ్ ఇతర దేశాలకి లేఖలు రాసి, ఈ లెక్కని ఒప్పుకునేది లేదన్నాడు. పియర్స్ బృందం అంకెలు మార్చనంది. చివరికి విధానకర్తల కోసం రాసిన సారాంశం ఒక దారి, అసలు అధ్యాయం ఒక దారి అయ్యాయి. అంకెలు అధ్యాయంలో అలాగే ఉండిపోయాయి.

పియర్స్ వాదన తీసిపారేసేది కాదు. ఏడాదికి పదివేలలో ఒకరు పోయే పనికి కూలీలు తలా వెయ్యి రూపాయలు అదనంగా అడిగారనుకోండి. పదివేల మంది అడిగింది కలిపితే కోటి. పుస్తకాల్లో ‘ఒక ప్రాణం విలువ’ అంటే ఇదే. అది మనిషి ధర కాదు, ప్రమాదం తగ్గించుకోడానికి జనం ఎంత పెట్టగలరన్న కొలత. పేదవాడు తక్కువ పెట్టగలడు, కాబట్టి అంకె తక్కువ. ఒక ఊరు తన డబ్బుతో తన రోడ్డు మీద డివైడర్ కట్టుకోవాలా వద్దా అన్నప్పుడు ఈ కొలత పనికొస్తుంది. పెట్టేదీ బతికేదీ ఆ ఊరివాళ్ళే.

ఇక్కడ పొగ ఒకడిది, వరద ఇంకొకడిది. ముంచేవాడు వచ్చి, మునిగేవాణ్ణి “తప్పించుకోడానికి నువ్వెంత ఇవ్వగలవు?” అని అడగడం ఏం న్యాయం? “మునగడానికి ఎంత తీసుకుంటావు?” అని అడగాలి. రెండో ప్రశ్నకి జవాబు జేబుని బట్టి ఉండదు. వద్దు పొమ్మనే హక్కు కూడా ఉంటుంది. పియర్స్ అంకెలో తప్పులేదు, ప్రశ్నలోనే తప్పుంది అని నాకనిపిస్తుంది.

దూరదేశాలకి చేసిందే భవిష్యత్తుకీ చేశారు. 2006లో నికొలస్ స్టర్న్ బ్రిటన్ ప్రభుత్వానికి రాసిన నివేదిక, నష్టం ప్రపంచ ఆదాయంలో 5 నుంచి 20 శాతమనీ, ఆపే ఖర్చు ఒక శాతమేననీ చెప్పింది. నార్డ్‌హౌస్ ఒప్పుకోలేదు. గొడవంతా డిస్కౌంట్ రేటు దగ్గర. వందేళ్ళ తర్వాత జరిగే వంద రూపాయల నష్టం, స్టర్న్ వాడిన 1.4 శాతంతో ఇవాళ 25 రూపాయలు. నార్డ్‌హౌస్ అడిగినట్టు మార్కెట్ వడ్డీకి దగ్గరగా 5 శాతం వేస్తే 76 పైసలు. నేను ఎక్సెల్‌లో వేసుకుని మరీ చూశాను. ఆఫీసులో ఎవరైనా ఇంత బరువున్న పారామీటర్‌ని ఓ మూల సెల్‌లో పెడితే కోడ్ రివ్యూలో ఊరుకోం. 2018 అక్టోబర్ 8న నార్డ్‌హౌస్‌కి నోబెల్ ప్రకటించారు. 1.5 డిగ్రీల మీద ఐపీసీసీ హెచ్చరిక వెలువడిందీ ఆ రోజే.

2023లో అమెరికా పర్యావరణ సంస్థ ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్ చేసే హాని 190 డాలర్లని తేల్చింది. డిస్కౌంట్ రేటు 2 శాతానికి దించారు, చావులని కూడా బాగా పట్టించుకున్నారు. సంతోషించి, ప్రాణం విలువ ఎలా కట్టారా అని చూశాను. అమెరికా మనిషికి కట్టిన విలువ తీసుకుని, ఒక్కో దేశానికి దాని తలసరి ఆదాయం నిష్పత్తిలో తగ్గించారు.