బలహీనుడైన ప్రత్యర్థి: ఒక ఉదారవాద భ్రమ చరిత్ర

ఎదుటి పక్షంలో నిలబడినవాడు ఎంత అసమర్థుడైతే మనకంత మేలు అనే అభిప్రాయం ఎన్నికల రాజకీయాలంత పాతది. అమెరికాలోని ఉదారవాదులు, అంటే డెమోక్రాటిక్ పార్టీని బలపరిచే ప్రొఫెసర్లు, సంపాదకులు, రచయితలు, ఈ అభిప్రాయాన్ని గత అరవై ఏళ్ళలో పదే పదే ఒక వ్యూహంగా, దాదాపు ఒక విశ్వాసంగా పెంచుకున్నారు. రిపబ్లికన్ పార్టీలోని సంప్రదాయవాదులు అధ్యక్ష పదవికి ఎవరిని ముందుకు తెచ్చినా, ముందు నవ్వు, తరువాత ధీమా, ఆ తరువాత దిగ్భ్రాంతి. ఈ మూడు దశల కథను పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ వ్యాసం రాయడానికి నాకున్న అర్హతేమిటంటే, ఆ నవ్వులో నాకూ భాగం ఉండడమే. 2016 మార్చిలో ఒక చిన్న పట్నంలో జరిగిన సాహిత్య సభలో అమెరికన్ నవల గురించి మాట్లాడమన్నారు. మాట్లాడుతూ మాట్లాడుతూ దారితప్పి ఆనాటి రిపబ్లికన్ అభ్యర్థుల మీదికి పోయాను. రంగంలోకి దిగిన పదిహేడుమందినీ పగటివేషాల బృందంతో పోల్చి, ఒక్కొక్కరి వేషం వర్ణించాను. సభ విరగబడి నవ్వింది. డొనాల్డ్ ట్రంప్ గనక అభ్యర్థి అయితే ప్రజాస్వామికవాదులు నిశ్చింతగా నిద్రపోవచ్చునని ముగించాను. నవంబరు గడిచింది. ఆ సభకు వచ్చిన ఒక విద్యార్థి బస్టాండులో కనబడి, "మాస్టారూ, ఆ రోజు మీరు ఆయన్ని గురించి చాలా చెప్పారు. ఆయనకు ఓటు వేసేవాళ్ళను గురించి మాత్రం ఒక్క మాటా చెప్పలేదు" అన్నాడు. ఆ అబ్బాయి మాటకు ఆ రోజు నా దగ్గర సమాధానం లేదు. ఆ సమాధానం వెతుక్కుంటూ నేను వెనక్కి, 1964 దాకా వెళ్ళవలసి వచ్చింది.

1

1964లో రిపబ్లికన్ పార్టీ అభ్యర్థి అరిజోనా సెనేటరు బారీ గోల్డ్‌వాటర్. ఆ ఏడు జూన్‌లో పౌరహక్కుల బిల్లుకు వ్యతిరేకంగా ఓటు వేసినవాడు. అణ్వాయుధాల గురించి తేలికగా మాట్లాడేవాడు. సొంత పార్టీలోని రాక్‌ఫెల్లర్, స్క్రాంటన్ వంటి మితస్వభావులే ఆయన్ని అడ్డుకోవాలని చూసి విఫలులయ్యారు. ఉదారవాదులకు ఇంతకంటే సులువైన ప్రత్యర్థి దొరకడనిపించింది.

ఆనాటి ఉదారవాద విమర్శలో ఒక లక్షణం గమనార్హం. అది సంప్రదాయవాదాన్ని ఒక రాజకీయ శక్తిగా గాక ఒక మానసిక రుగ్మతగా చూసింది. చరిత్రకారుడు రిచర్డ్ హాఫ్‌స్టాడ్టర్ 1964 నవంబరు 'హార్పర్స్' పత్రికలో అమెరికన్ రాజకీయాలలోని అనుమానపు ధోరణి గురించి ప్రసిద్ధమైన వ్యాసం రాశాడు. అది పాండిత్యం గల రచన అనడంలో సందేహం లేదు. కాని అదే ధోరణి నాసిరకం చేతుల్లో ఎలా తయారైందో 'ఫాక్ట్' అనే పత్రిక చూపింది. ఆ పత్రిక పన్నెండువేలమందికి పైగా మానసిక వైద్యులకు ఉత్తరాలు రాసి, గోల్డ్‌వాటర్ అధ్యక్ష పదవికి మానసికంగా తగినవాడేనా అని అడిగింది. జవాబిచ్చినవారు 2,417 మంది. వారిలో 1,189 మంది తగడన్నారు. వాళ్ళెవరూ ఆయన్ని పరీక్షించి జవాబిచ్చినవారు కారు. గోల్డ్‌వాటర్ కోర్టుకెక్కి పరిహారం గెలుచుకున్నాడు. పరీక్షించని వ్యక్తి మనస్థితి మీద వైద్యులు బహిరంగంగా తీర్పు చెప్పరాదనే నియమాన్ని అమెరికన్ మానసిక వైద్యుల సంఘం 1973లో పెట్టుకుంది.

ఎన్నికలో లిండన్ జాన్సన్‌కు 61 శాతం ఓట్లు, 486 ఎలక్టోరల్ ఓట్లు వచ్చాయి. గోల్డ్‌వాటర్‌కు దక్కినవి 52. సంప్రదాయవాదం అధ్యాయం ముగిసిందని పెద్ద పెద్ద పత్రికలు రాశాయి. నాలుగేళ్ళు తిరగకుండానే, 1968లో, డెమోక్రాటిక్ అభ్యర్థి హంఫ్రీకి వచ్చినవి 43 శాతం కన్న తక్కువ. గెలిచిన నిక్సన్‌కూ, నల్లవారి హక్కులను బాహాటంగా వ్యతిరేకించిన జార్జి వాలెస్‌కూ కలిపి దాదాపు 57 శాతం. 'ముగిసిన' అధ్యాయం అంత త్వరగా ఎలా తిరిగి మొదలైంది?

ఓడిన మనిషిని చూసినవాళ్ళు ఆయన గెలిచిన ఆరు రాష్ట్రాలను సరిగా చూడలేదు. సొంత రాష్ట్రం అరిజోనా కాక మిగిలిన అయిదూ అలబామా, జార్జియా, లూసియానా, మిసిసిపీ, దక్షిణ కరోలినా. తరతరాలుగా డెమోక్రాట్ల కంచుకోట అనిపించుకున్న నేల అది. మిసిసిపీలో గోల్డ్‌వాటర్‌కు నూటికి ఎనభై ఏడు ఓట్లు పడ్డాయి. అంటే, నల్లవారికి ఓటుహక్కు దాదాపుగా లేని ఆ రాష్ట్రంలో తెల్లవారు మూకుమ్మడిగా పార్టీ మారారు. ఆయన ప్రచారానికి చిన్న చిన్న మొత్తాలు పంపిన లక్షలాదిమంది పేర్లూ చిరునామాలూ కొత్త ఉద్యమానికి పెట్టుబడి అయ్యాయి. మనిషి ఓడాడు. ఉద్యమం పునాది వేసుకుంది.

2

ఈ కథలో నన్ను అన్నిటికన్న ఎక్కువగా ఆలోచింపజేసిన విషయం 1964 నవంబరు 3న కాలిఫోర్నియాలో జరిగింది. ఆ రోజు అక్కడి ఓటరు అధ్యక్షుణ్ణి ఎన్నుకోవడంతో పాటు, పద్నాలుగో ప్రతిపాదన మీద కూడా అభిప్రాయం చెప్పాలి. అంతకుముందు ఏడాది ఆ రాష్ట్ర శాసనసభ, ఇళ్ళు అమ్మడంలోనూ అద్దెకివ్వడంలోనూ జాతివివక్ష చూపరాదని రంఫర్డ్ చట్టం చేసింది. ఆ చట్టాన్ని రద్దుచేసి, ఇంటి యజమాని తనకిష్టంలేనివారికి ఇల్లు నిరాకరించవచ్చునని రాజ్యాంగంలోనే రాయాలన్నది ఈ ప్రతిపాదన.

ఫలితం ఏమిటి? జాన్సన్‌కు కాలిఫోర్నియాలో 59 శాతం ఓట్లు. పద్నాలుగో ప్రతిపాదనకు దాదాపు 65 శాతం. పౌరహక్కుల చట్టం మీద సంతకం చేసిన అధ్యక్షుడికి ఓటు వేసిన లక్షలమంది చేతులే, అదే రోజు, నల్లవాడికి పక్కింట్లో చోటు లేదని కూడా ఓటు వేశాయి. ఉదారవాదులు మొదటి లెక్క చూసి పండుగ చేసుకున్నారు. రెండో లెక్కను ఒక అపశ్రుతిగా పక్కకు నెట్టారు. ఆ ప్రతిపాదన చెల్లదని రాష్ట్ర సుప్రీంకోర్టు 1966లోనూ, దేశ సుప్రీంకోర్టు 1967లోనూ తీర్పు చెప్పాయి. కోర్టు ప్రతిపాదనను కొట్టివేయగలదు గాని, దానికి ఓటు వేసిన మనసును కొట్టివేయలేదు గదా!

ఆ రెండో లెక్కను చదువుకున్నవాడు ఒకడున్నాడు. పేరు రొనాల్డ్ రీగన్. 1966లో ఆయన కాలిఫోర్నియా గవర్నరు పదవికి పోటీకి దిగినప్పుడు, పదవిలో ఉన్న డెమోక్రాటు పాట్ బ్రౌన్ శిబిరం సంతోషించింది. వాళ్ళు భయపడింది రీగన్‌కు కాదు, రిపబ్లికన్ పార్టీలోనే ఆయనతో పోటీపడుతున్న శాన్‌ఫ్రాన్సిస్కో మాజీ మేయరు జార్జి క్రిస్టఫర్‌కు. క్రిస్టఫర్ పాల వ్యాపారంలో ఉన్న రోజుల నాటి ఒక పాత కేసును బ్రౌన్ మనుషులే పత్రికలవాళ్ళ చెవిన వేశారు. క్రిస్టఫర్ చిత్తుగా ఓడిపోయాడు. కోరుకున్న ప్రత్యర్థి దొరికాడు. ఇక బ్రౌన్ ప్రచారమంతా 'ఆఫ్టరాల్ ఒక సినిమా నటుడు' అన్న చుట్టే తిరిగింది. లింకన్‌ను కాల్చినవాడు నటుడేనని బ్రౌన్ ఒక చిన్నపిల్లతో అంటున్న దృశ్యం ప్రచార చిత్రంలో పెట్టారు. రీగన్ మాత్రం పన్నుల గురించి, బర్క్‌లీ విద్యార్థుల అలజడి గురించి, 34 మంది చనిపోయిన 1965 నాటి వాట్స్ కల్లోలం గురించి, రంఫర్డ్ చట్టం గురించి మాట్లాడాడు. దాదాపు పది లక్షల ఓట్ల తేడాతో గెలిచాడు.

'నటుడికి రాజకీయాలేమిటి' అన్న ఎకసెక్కెం తెలుగు పాఠకుడికీ కొత్త కాదు. 1982 మార్చిలో ఎన్.టి. రామారావు పార్టీ పెట్టినప్పుడు మనవాళ్ళూ అన్నారు. తొమ్మిది నెలల్లో ఆయన ముఖ్యమంత్రి అయ్యాడు. ఆయన రాజకీయాలు వేరు, రీగన్ రాజకీయాలు వేరు. ఆ రెంటినీ ఒక గాట కట్టడం నా ఉద్దేశం కాదు. నవ్వినవాళ్ళు చేసిన తప్పు మాత్రం ఒక్కటే. ముఖానికున్న రంగును చూశారు గాని, ఎదురుగా కూచున్న జనాన్ని చూడలేదు.

3

1980లో అదే రీగన్ అధ్యక్ష పదవికి వచ్చాడు. అరవై తొమ్మిదేళ్ళ వయసు. కోతిపిల్లతో కలిసి నటించిన 1951 నాటి సినిమా హాస్యగాళ్ళకు నిత్యం పనికొచ్చింది. అధ్యక్షుడు కార్టర్ సలహాదారుల్లో పలువురు, రిపబ్లికన్లలో ఓడించడానికి తేలికైనవాడు రీగనే అనుకున్నారు. పద్నాలుగేళ్ళ కిందటి బ్రౌన్ అనుభవం వాళ్ళకెవరికీ గుర్తు రాలేదనుకోవాలా?

ఆ ఏడు అమెరికాలో ధరలు 13 శాతానికి పైగా పెరిగాయి. కార్టర్ నియమించిన వోల్కరే వడ్డీరేట్లను ఆకాశానికెత్తాడు. నిరుద్యోగం ఏడు శాతం దాటింది. ఇరాన్‌లో 52 మంది బందీలుగా ఉన్నారు. నాలుగేళ్ళ కిందటికంటే మీ బతుకు బాగుందా అని రీగన్ వేసిన ప్రశ్నకు కార్మికుడి దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. ఉదారవాదుల దగ్గర లేదు. రీగన్‌కు 489 ఎలక్టోరల్ ఓట్లు, కార్టర్‌కు 49. కార్మిక సంఘాల కుటుంబాల్లోనే నూటికి నలభైమందికి పైగా రీగన్‌కు ఓటు వేశారు. విమాన రాకపోకల నియంత్రణ ఉద్యోగుల సంఘం ఆయన్ని బాహాటంగా బలపరిచింది. 1981 ఆగస్టులో ఆ సంఘం సమ్మె చేస్తే, పదకొండు వేలమందికి పైగా ఉద్యోగాల్లోంచి తీసేసినవాడూ ఆయనే. వాళ్ళది అమాయకత్వం అని కొట్టిపారేయడం సులభం. వాళ్ళకు వేరే నమ్మదగిన మాట చెప్పినవాడెవడు అన్నది అడగవలసిన ప్రశ్న.

4

ఇక 2015-16. ఏప్రిల్ 2015లో హిల్లరీ క్లింటన్ ప్రచార శిబిరం తయారు చేసుకున్న ఒక పత్రం మరుసటి ఏడు అక్టోబరులో వికీలీక్స్ ద్వారా బయటపడింది. రిపబ్లికన్లలో తీవ్రవాదులుగా కనబడే ట్రంప్, క్రూజ్, కార్సన్ వంటివారిని పత్రికలు గంభీరంగా తీసుకునేలా చూడటం తమకు లాభమని అందులో ఉంది. 2015 జూలైలో 'హఫింగ్టన్ పోస్ట్' ట్రంప్ వార్తలను వినోదం శీర్షిక కిందికి మార్చింది. 2016 ఫిబ్రవరిలో జొనాథన్ చేట్ అనే ఉదారవాద వ్యాఖ్యాత, ట్రంప్ అభ్యర్థిత్వాన్ని ఉదారవాదులు కోరుకోవాలని వ్యాసం రాశాడు. నేను మార్చిలో మాట్లాడాను. తేడా అంతే.

ఫలితం తెలిసిందే. క్లింటన్‌కు దేశం మొత్తంమీద 28 లక్షలకు పైగా ఓట్లు ఎక్కువ వచ్చినా, విస్కాన్సిన్, మిషిగన్, పెన్సిల్వేనియాలు మూడింటిలో కలిపి ఎనభైవేలకు లోపు ఓట్ల తేడాతో ఎన్నిక చేజారింది. ఒబామాకు రెండుసార్లు ఓటు వేసిన కౌంటీలు రెండువందలకు పైగా ట్రంప్ వైపు తిరిగాయి. వాటిలో చాలావాటిలో మూతబడ్డ ఫ్యాక్టరీలున్నాయి. 1994లో అమలుకు వచ్చిన ఉత్తర అమెరికా స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందాన్ని అమలుపరిచే చట్టం మీద సంతకం చేసింది క్లింటన్ అనే డెమోక్రాటేనని అక్కడివాళ్ళకు గుర్తుంది. జాతిద్వేషమూ ఉంది, ఆర్థిక నిస్పృహా ఉంది. ఏది ఎంత అన్నదానిమీద పండితులు ఇంకా తగువులాడుతున్నారు. రెండింటినీ నవ్వుతో కొలవలేమన్నది మాత్రం స్పష్టం.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. బలహీనుణ్ణి ఎదురుగా తెచ్చుకుని గెలిచిన సందర్భాలూ ఉన్నాయి గదా అని. ఉన్నాయి, ఒప్పుకోవాలి. 2012లో మిజోరీ సెనేటు స్థానానికి డెమోక్రాటు క్లెయిర్ మెకాస్కిల్, రిపబ్లికన్ల లోపలి పోటీలో టాడ్ ఏకిన్ నెగ్గేటట్టు తన ప్రచార నిధులతోనే ప్రకటనలు వేయించింది. ఆయన నోరు జారాడు, ఆమె ఘనంగా గెలిచింది. 2022లోనూ కొన్ని రాష్ట్రాల్లో ఈ ఎత్తు పారింది. కాని మిజోరీ కథ అక్కడితో ఆగలేదు. 2018లో ఏకిన్ లేడు, నోరు జారని మరొక సంప్రదాయవాది జాష్ హాలే వచ్చాడు. ఆమె ఓడిపోయింది. ఆరేళ్ళలో ప్రత్యర్థి మారాడు. నేల మారలేదు, మార్చే ప్రయత్నమూ తగినంత జరగలేదు. అరువు తెచ్చుకున్న బలహీనత మీద కట్టిన గెలుపు అరువు గడువు దాకానే ఉంటుంది.

2024లో ట్రంప్ 312 ఎలక్టోరల్ ఓట్లతో తిరిగి వచ్చాడు. ఈసారి దేశం మొత్తంమీద కూడా ఆయనకే ఎక్కువ ఓట్లు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తు మీద లక్ష డాలర్ల రుసుము ప్రకటించినప్పుడు, ఆ వార్త విన్న తెలుగు ఇళ్ళలో నవ్వినవాళ్ళెవరూ నాకు కనబడలేదు.

5

ఈ చరిత్రతో రచయితలకేం పని? ఉంది. నవ్వు మన పనిముట్టు. వ్యంగ్యం ప్రజల ఆయుధమని మనం సభల్లో చెబుతూనే ఉంటాం. అది నిజం. అయితే ఎవరిమీద ప్రయోగిస్తున్నామో, ఎవరి ఎదుట ప్రయోగిస్తున్నామో తెలియని వ్యంగ్యం మనవాళ్ళను మనమే నిద్రపుచ్చే జోలపాట అవుతుంది.

సింక్లెయిర్ లూయిస్ 1935లో 'ఇట్ కాంట్ హాపెన్ హియర్' అనే నవల రాశాడు. అందులో విదూషకుడిలాంటి ఒక నాయకుడు ఎన్నికల్లో గెలిచి నియంత అవుతాడు. కాని నవల నడిచేది ఆ నాయకుడి వెంట కాదు, డోరెమస్ జెసప్ అనే ఒక చిన్న ఊరి ఉదారవాద సంపాదకుడి వెంట. ఆ నాయకుణ్ణి చూసి నవ్వుకున్న ఆయన, తనలాంటి మంచివాళ్ళ ఉదాసీనతకూ ఇందులో వాటా ఉందని ఆలస్యంగా గ్రహిస్తాడు. లూయిస్ వ్యంగ్యం ఎదుటివాడి దగ్గర ఆగకుండా తనవాళ్ళ దాకా వచ్చింది గనుకనే ఆ నవలను 2016 తరువాత మళ్ళీ వెతుక్కుని చదివారు.

మనకు అంత దూరం పోనక్కరలేదు. 'కన్యాశుల్కం'లో గిరీశాన్ని చూసి మనం నవ్వుతాం. కాని గురజాడ గిరీశాన్ని ఒంటరిగా నిలబెట్టి నవ్వించలేదు. కూతుళ్ళను అమ్ముకునే అగ్నిహోత్రావధానులు, కొనుక్కునే లుబ్ధావధానులు, మధ్యలో తినే రామప్పపంతులు, ఆ డాంబికపు ఇంగ్లీషును నోరు తెరుచుకుని వినే వెంకటేశం, వీళ్ళందరినీ చూపి, గిరీశం ఏ నేలమీద చెలామణీ అవుతున్నాడో చెప్పాడు. అది మోసగాడి బొమ్మ మాత్రమే కాదు, మోసానికి గిరాకీ ఉన్న సమాజం బొమ్మ.

నేను 2016లో గిరీశాన్ని మాత్రమే చూపాను, ఊరును చూపలేదు. బస్టాండులో ఆ అబ్బాయి అడిగినది ఊరును గురించి. ఈ వ్యాసం ఆలస్యంగానైనా అతనికి నేనిస్తున్న జవాబు. ఇకమీద ఎవరైనా ఒక నాయకుణ్ణి గురించి నవ్వు పుట్టించే వ్యాసం రాసి నాకు చూపిస్తే, నేనూ అతని ప్రశ్నే అడగదలచుకున్నాను: "బాగుంది. మరి అతనికి ఓటు వేసేవాళ్ళేరీ?"