కొయ్యబారిన మనిషి

1982 జులై. కాలిఫోర్నియాలోని శాన్ హొసే నగరం, శాంటా క్లారా వ్యాలీ మెడికల్ సెంటర్. నలభై రెండేళ్ల మనిషి కళ్లు తెరుచుకునే పడున్నాడు. రెప్ప దాదాపుగా కొట్టడం లేదు. మొహమంతా జిడ్డు, పెదవి కొసన చొంగ. పలకరిస్తే ఉలుకూ పలుకూ లేదు. చెయ్యి పట్టుకుని పైకెత్తి వదిలేస్తే అది కిందికి దిగదు, గాల్లో అలాగే ఉండిపోతుంది.

ఇది నరాల జబ్బేమో చూడమన్నారు మానసిక వైద్యులు. కాదు, మీ కేసే అన్నారు న్యూరాలజీ వాళ్లు. స్కిజోఫ్రీనియాలో మనిషి ఇలా కొయ్యబారిపోయే దశ ఒకటుంది. దాన్ని కాటటోనియా అంటారు. పైగా ఇతను హెరాయిన్‌కి అలవాటు పడ్డవాడు. మత్తుమందు వాడేవాడి మాటకి ఏ ఆస్పత్రిలోనైనా విలువ కాస్త తక్కువే. ఇతనికైతే ఆ మాట కూడా పడిపోయింది.

న్యూరాలజీ విభాగానికి పెద్ద డాక్టర్ విలియం లాంగ్‌స్టన్. రోగి మోచెయ్యి వంచి చూస్తే సాఫీగా వంగలేదు. పళ్లచక్రం తిరుగుతున్నట్టు ఆగి ఆగి, కటకటమని వంగింది. న్యూరాలజీ చదివిన ఎవరికైనా ఇది తెలిసిన గుర్తే. పార్కిన్సన్స్. మన ఇళ్లలో వణుకుడు రోగమంటాం. కానీ పార్కిన్సన్స్ సాధారణంగా అరవై దాటాక, ఏళ్ల తరబడి మెల్లగా కమ్ముకొస్తుంది. మొన్నటిదాకా తిరుగుతున్న మనిషిని కొద్దిరోజుల్లో ఇలా పడేసిన పార్కిన్సన్స్‌ని ఎవరూ చూసి ఎరగరు.

అప్పుడే అతని వేళ్లు కాస్త కదులుతున్నట్టు కనిపించింది. ఎవరికి తట్టిందో గానీ మంచి ఆలోచన తట్టింది. ఆ వేళ్ల మధ్య పెన్సిల్ పెట్టారు, కింద కాగితం ఉంచారు. ఎదురుచూశారు. చాలాసేపటికి ఒక అక్షరం, ఇంకాసేపటికి మరొకటి పడ్డాయి. తనకేమవుతోందో తెలియడం లేదని, ఏం చెయ్యాలో బుర్రకి తెలుస్తూనే ఉన్నా ఒంటితో చెయ్యలేకపోతున్నానని అతను రాసిన దాని సారాంశం.

అంటే లోపల మనిషి పూర్తి తెలివితో ఉన్నాడు. మంచం పక్కన నిలబడి ఎవరెవరు ఏమేం తీర్మానించారో అంతా వింటూనే ఉన్నాడు. ఈ కథలో స్కానింగులూ రసాయన పరీక్షలూ తర్వాత చాలా వస్తాయి. నన్నడిగితే అసలు రోగనిర్ధారణ ఈ పెన్సిల్‌తోనే అయింది.

ఇక దారి దొరికింది. అతని స్నేహితురాలిదీ అదే పరిస్థితి. దగ్గర్లోని వాట్సన్‌విల్‌లో డాక్టర్ జేమ్స్ టెట్రడ్ దగ్గరికి ఇద్దరు అన్నదమ్ములు వచ్చారు. వాళ్లూ ఇలాగే బిగుసుకుపోయారు. అందరూ యువకులు, నడివయసు వాళ్లే. అందరూ బజార్లో కొత్తగా దిగిన ‘సింథటిక్ హెరాయిన్’ ఎక్కించుకున్నవాళ్లే. లాంగ్‌స్టన్ విలేకరులను పిలిచి, ఆ సరుకు ముట్టుకోవద్దని హెచ్చరించాడు.

ఆ పొడిలో ఏముంది? ఒక టాక్సికాలజిస్టుకి ఎప్పుడో చదివిన వ్యాసం గుర్తొచ్చింది. 1979లో, ‘సైకియాట్రీ రిసెర్చ్’ అనే పత్రిక పుట్టిన కొత్తల్లో పెద్దగా ఎవరి కంటా పడకుండా అచ్చయిన వ్యాసం అది. మేరీల్యాండ్‌లో ఇరవై మూడేళ్ల కెమిస్ట్రీ విద్యార్థి ఒకడు సొంత వాడకానికి ఇంట్లోనే ఎంపీపీపీ అనే మత్తుమందు వండుకునేవాడు. కొన్ని నెలలు ఏ ఇబ్బందీ లేదు. 1976లో ఒకసారి తొందరపడి తయారీలో అడ్డదారి తొక్కాడు. వేడి, ఆమ్లం అదుపు తప్పితే ఆ మందుతోపాటు ఎంపీటీపీ అనే మరో పదార్థం పుడుతుంది. అది ఎక్కించుకున్న కొద్దిరోజులకే కుర్రాడు కొయ్యబారిపోయాడు. జాతీయ ఆరోగ్య సంస్థ నిపుణులు అతని గాజు సామాన్లలో మిగిలిన మడ్డిని ఎలుకలకిచ్చి చూశారు. ఎలుకలు ఒక్కరోజులో లేచి తిరిగాయి. అక్కడితో ఆ దారి మూసుకుపోయింది. ఎలుకలు ఈ విషాన్ని తట్టుకుంటాయన్న సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు. 1978లో ఆ కుర్రాడు మరో మత్తుమందు మోతాదు మించి చనిపోయాక మెదడు కోసి చూస్తే, కదలికలకు కావలసిన డోపమైన్‌ని తయారుచేసే సబ్‌స్టాన్షియా నైగ్రా అనే నల్లటి భాగం దెబ్బతిని ఉంది.

శాన్ హొసే పొడిని పరీక్షిస్తే అందులోనూ ఎంపీటీపీ బయటపడింది. నలుగురు రోగుల వివరాలతో 1983 ఫిబ్రవరిలో ‘సైన్స్’ పత్రికలో రెండు పేజీల వ్యాసం వచ్చింది.

పార్కిన్సన్స్ అని తేలాక మందు సిద్ధంగానే ఉంది. లెవోడోపా. మన మందుల షాపుల్లో సిండోపా పేరుతో అమ్మే బిళ్లలో ప్రధానమైన మందు ఇదే. పొలం గట్ల మీద, ముట్టుకుంటే ఒళ్లంతా దురద పుట్టించే దూలగొండి ఉంటుంది చూశారూ, దాని గింజల్లోనూ ఇది పుష్కలం. 1937లోనే మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే శాస్త్రవేత్తలు ఆ గింజల్లోంచి దీన్ని వేరుచేశారు. బిళ్ల పడగానే కొయ్యబారినవాళ్లు కదిలారు, మాట్లాడారు, నడిచారు. సినిమా అయితే ఇక్కడ శుభం కార్డు పడేది. కానీ కొంతకాలానికే కాళ్లూ చేతులూ వాళ్ల అదుపు తప్పి మెలికలు తిరగడం మొదలైంది. లేనివి కనిపించాయి. బిళ్ల తగ్గిస్తే మళ్లీ బిగుసుకుపోతారు, పెంచితే ఒళ్లు నిలవదు.

ఈ విషం పనిచేసే తీరు వింటే గుబులు పుడుతుంది. ఎంపీటీపీ తనంతట తాను ఎవరినీ చంపదు. మెదడులోకి చేరాక అక్కడి సహాయక కణాల్లో ఉండే ఎంఏఓ-బి అనే ఎంజైమే దాన్ని ఎంపీపీ ప్లస్ అనే విషంగా మారుస్తుంది. డోపమైన్‌ని లోపలికి తీసుకునే ద్వారం గుండానే అది నాడీకణంలోకి దూరి, శక్తిని పుట్టించే మైటోకాండ్రియాను ఆపేస్తుంది. దీంతోనే కోతుల్లో పార్కిన్సన్స్ తెప్పించి, కొత్త మందులను పరీక్షించడం మొదలైంది. అంతకుముందు ఈ జబ్బుకి సరైన జంతు నమూనా లేదు. ఎవరూ ఆనవాలు పట్టని ఆ కొద్దిమంది హెరాయిన్ రోగుల వల్ల ఒక శాస్త్రశాఖకే ఊపిరొచ్చింది. ఆ బాకీ గురించి పాఠ్యపుస్తకాల్లో మహా అయితే ఒక వాక్యం ఉంటుంది.

ఇంకో సంగతి మనకి దగ్గరది. ఎంపీపీ ప్లస్‌ని ఒకప్పుడు సైపర్‌క్వాట్ పేరుతో కలుపు మందుగా పరీక్షించారు. రసాయన నిర్మాణంలో దానికి దగ్గరి చుట్టం పారాక్వాట్. మన రైతులు గడ్డిమందు అని పిలిచేవాటిలో అదొకటి. తాగితే ప్రాణం తీస్తుందని మన పల్లెలకు బాగా తెలుసు. ఏళ్ల తరబడి పిచికారీ చేసేవాళ్లకి పార్కిన్సన్స్ ముప్పు పెరుగుతుందా అని దేశదేశాల్లో పరిశోధనలు జరిగాయి. ఉందని కొన్ని అధ్యయనాలు చూపాయి, వాదన మాత్రం తెగలేదు.

బిళ్లలతో బండి నడవని రోగుల్లో ఇద్దరు స్వీడన్‌లోని లుండ్‌కి వెళ్లారు. గర్భస్రావమైన పిండాల నుంచి తీసిన డోపమైన్ కణాలను మెదడులో నాటే శస్త్రచికిత్స అప్పట్లో అక్కడ చేసేవారు. అమెరికాలో అలాంటి పరిశోధనకు 1988 నుంచి ప్రభుత్వ నిధులు ఆగిపోయి ఉన్న కాలమది. నాటిన కణాలు అతుక్కున్నాయి. నెలలు గడిచేకొద్దీ ఇద్దరూ తమ పనులు తాము చేసుకోగలిగారు. ఆ ఫలితాలు 1992లో అచ్చయ్యాయి. పూర్తిగా కోలుకున్నారని మాత్రం ఎవరూ అనలేదు.

1999లో లాంగ్‌స్టన్ బృందం మరో వ్యాసం రాసింది. ఈ విషం బారినపడి, తర్వాత చనిపోయిన ముగ్గురి మెదళ్లను పరీక్షించారు. అది ఒంట్లోకెక్కి ఒకరికి మూడేళ్లయితే, ఇంకొకరికి పదహారేళ్లు గడిచాయి. విషం ఎప్పుడో ఒంట్లోంచి వెళ్లిపోయింది. నల్లటి భాగంలో కణాలు ఇంకా చస్తున్న ఆనవాళ్లు మాత్రం కనిపించాయి.