గృహవిజ్ఞానము : పుట్టుపూర్వోత్తరాలు

పిల్ల పన్నెండవ తరగతి దాటగానే మన ఇళ్లలో జరిగే చర్చ అందరికీ తెలిసినదే. ఇంజనీరింగా, కామర్సా, నర్సింగా అని లెక్కలు వేస్తారు. ఎవరైనా హోం సైన్సు అన్నారంటే, "వంట నేర్చుకొనుటకు కాలేజీ ఎందుకు? ఇంట్లో అమ్మ లేదా?" అని నవ్వేవారే ఎక్కువ. నేను మెట్రిక్యులేషనుతో చదువు ముగించి రైల్వేలో గుమాస్తాగా కుదిరినవాడను, పండితుడను కాను. అయినను ఈ చదువు వెనుకనున్న చరిత్రను మన సంఘ సభ్యుల ముందుంచుట అవసరమని తోచినది. అందులో మన హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల కష్టము కూడ కలిసియున్నది.

మన పెద్దలు ధాత కరువని చెప్పుకొనే మహాక్షామము 1876-78లో వచ్చినది. అప్పుడు హోసూరు, కృష్ణగిరి తాలూకాలు సేలం జిల్లాలోనివి. ఆ జిల్లా ఎంతో దెబ్బతిన్నది. 1877 ఆరంభంలో సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారి వచ్చి, కరువు పనులలో రాళ్లు కొట్టే మనిషికి రోజుకు ఒక పౌను ధాన్యము, అనగా సుమారు 450 గ్రాములు, దానిపై కొద్ది డబ్బు చాలునన్నాడు. మద్రాసు శానిటరీ కమిషనరు డాక్టర్ కార్నిష్ దీనిని గట్టిగా ఎదిరించినాడు. అంత తక్కువ తిండితో కష్టము చేసే దేహము నిలువదని లెక్కలు చూపినాడు. కొన్ని నెలలకు ప్రభుత్వము కూలి పెంచక తప్పలేదు. మనిషికి ఎంత తిండి కావలెనన్నది ఇంటి ముచ్చట మాత్రమే కాదనియు, వేలమంది ప్రాణాలు దానిమీద ఆధారపడవచ్చుననియు ఇందువలన తెలియుచున్నది.

ఇంటి సంగతులను శాస్త్రముగా చూడవలెనన్న ఉద్యమము అమెరికాలో బలపడినది. ఎలెన్ రిచర్డ్స్ అనే ఆమె 1873లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయములో పట్టము పొందిన తొలి మహిళ. రసాయన శాస్త్రజ్ఞురాలు. త్రాగేనీటిని, ఆహారములోని కల్తీని పరీక్షించుట ఆమె పని. 1899 నుండి 1908 వరకు లేక్ ప్లాసిడ్ అనే ఊరి పేరిట ఏటేటా సభలు జరిపి, 1909లో ఆమె అధ్యక్షతన ఒక సంఘము స్థాపించారు. 1862 నాటి చట్టముతో వెలసిన పెద్ద ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో వ్యవసాయముతోపాటు ఈ శాస్త్రము కూడ పాఠ్యమైనది. 1994లో ఆ సంఘమే తన పేరులో "కుటుంబ, వినియోగదారుల శాస్త్రాలు" అని మార్చుకొన్నది.

మన దేశములో 1932లో ఢిల్లీలో లేడీ ఇర్విన్ కాలేజీ వెలసినది. నీలగిరులలోని కూనూరు పరిశోధనశాల వారు 1937లో భారతీయ ఆహారపదార్థాల పోషక విలువల పట్టికలు ప్రకటించారు. ఆ పరిశోధనశాలయే 1958లో హైదరాబాదుకు తరలి, తరువాత జాతీయ పోషకాహార సంస్థ అయినది. మనము బీదల తిండి అని పక్కకు నెట్టిన రాగుల 100 గ్రాములలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియము కలదనియు, బియ్యములో అందులో పదోవంతైనను లేదనియు ఇట్టి పట్టికలే మనకు చెప్పుచున్నవి. మన సంగటి ముద్ద విలువ అవ్వకు అనుభవముతో తెలుసును. శాస్త్రము దానికి లెక్క కట్టినది.

మనకు చేరువలో కోయంబత్తూరున అవినాశిలింగం గారు 1957లో స్త్రీలకు గృహవిజ్ఞాన కళాశాల స్థాపించారు. 1988లో దానికి విశ్వవిద్యాలయ హోదా లభించినది. దానిని పెంచి పెద్దచేసిన డాక్టర్ రాజమ్మాళ్ దేవదాస్ అమెరికాలో ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయములో చదివినవారు. తెలుగునాట 1964లో ఏర్పడిన వ్యవసాయ విశ్వవిద్యాలయము క్రింద హైదరాబాదులో ఈ చదువు వర్ధిల్లినది. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయములోను, 1983లో వెలసిన శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయములోను కూడ ఈ శాఖ ఉన్నది. వ్యవసాయ విశ్వవిద్యాలయాలు ఇప్పుడు దీనిని కమ్యూనిటీ సైన్సు అంటున్నవి.

ఇందులో ఐదు శాఖలు ముఖ్యము: ఆహార పోషణ, శిశు వికాసము, కుటుంబ వనరుల నిర్వహణ, వస్త్రశాస్త్రము, విస్తరణ విద్య. విస్తరణ విద్య యనగా కాలేజీలో తెలిసినదానిని పల్లెకు చేర్చు విద్య. రసాయన, జీవ శాస్త్రాలు రానివారికి ఇది సులభము కాదు.

మరియొక సంగతి. బరోడా విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలరుగా ఉన్నప్పుడు హంసా మెహతా గారి హయాములోనే అక్కడ గృహవిజ్ఞాన శాఖ వచ్చినది. ఆమె అధ్యక్షతన ఏర్పడిన కమిటీయే 1960 దశకంలో, ఆడపిల్లలకు వేరే చదువు, మగపిల్లలకు వేరే చదువు అనే పద్ధతి కూడదన్నది. 1964-66 నాటి కొఠారి కమిషను కూడ గృహవిజ్ఞానము ఐచ్ఛికముగా ఉండవలెను గాని ఆడపిల్లలకు నిర్బంధము చేయరాదన్నది. ఈ శాస్త్రమును పెంచినవారే దానిని ఆడపిల్ల కాలికి బంధము చేయవద్దన్నారు.

కావున మనవారికి నా మనవి రెండు మాటలు. పెళ్లి సంబంధానికి పనికివచ్చునని పిల్లను ఇందులో చేర్పించవద్దు. పిల్ల తానై కోరినచో వంటచదువని ఆపవద్దు. ఆసుపత్రులలో రోగులకు పథ్యము నిర్ణయించేవారు, 1975లో మొదలైన అంగన్‌వాడీ పథకములో పర్యవేక్షకులు, ఆహార, వస్త్ర పరిశ్రమలలో నాణ్యత చూచేవారు ఈ చదువు నుండి వచ్చుచున్నారు. కృష్ణగిరి మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు, హోసూరు ఆసుపత్రులు మన కన్నులయెదుటనే ఉన్నవి. మగపిల్లలను చేర్చుకొను కాలేజీలు ఏవో, పొరుగు రాష్ట్రమువారికి ప్రవేశ నియమాలేమో ముందుగా విచారించుకొనుట మంచిది.

ఉగాది పచ్చడిలో ఆరు రుచులను పాళ్లు తప్పక కలుపుట మన ఇల్లాండ్ర నేర్పు. ఆ పాళ్ల వెనుకనున్న లెక్క తెలిసికొనగోరు బిడ్డను ఈ క్రొత్త సంవత్సరములో మనసారా దీవించి పంపుదము.