పడవలో చోటెవరికి?

మన ఫ్రీమాంట్ తెలుగు సంఘం జూబిలీ సంచికకు ఒక సంస్థ చరిత్ర రాయమని అడిగారు. మన సంఘం పుట్టుక, పాత అధ్యక్షులు, ఉగాది వేడుకల ముచ్చట్లు పెద్దలు రాస్తున్నారు. అందుకని నేను ఇదే పసిఫిక్ సముద్రం నడుమ, హవాయి దీవుల్లోని హోనొలులులో 1908లో పుట్టిన అవుట్‌రిగ్గర్ కెనూ క్లబ్ గురించి రాస్తున్నాను. ఒక జాతి సంస్కృతిని కాపాడాలని మొదలైన సంస్థ అది. ప్రవాసంలో మనం చేస్తున్నదీ అదే పని కనుక, ఆ క్లబ్ సాధించినవాటితో పాటు తడబడిన చోట్లు కూడా మనకు తెలియాలి.

ముందు ఆ క్లబ్ పేరులోని పడవ సంగతి. పోటీ కెనూ నలభై అడుగులకు పైగా పొడవుంటుంది. వెడల్పు మాత్రం ఒక మనిషి కూర్చునేంతే. అంత సన్నని పడవ కడలిలో నిలవాలంటే ఆసరా కావాలి. అందుకే ఎడమ పక్కన, కాస్త దూరంగా, తేలే దుంగ ఒకటి ఉంటుంది. అవుట్‌రిగ్గర్ అంటే అదే. రెండు అడ్డకర్రలు దాన్ని పడవకు బిగించి ఉంచుతాయి. మన కొల్లేటి జాలరులు రెండు తాటి దోనెలను జతచేసి కట్టడంలో ఉన్న ఉపాయం కూడా ఇలాంటిదే. ఒకప్పుడు కోవా అనే చెట్టు మానును తొలిచి ఈ పడవలు చేసేవారు. ఇప్పుడు ఎక్కువగా ఫైబర్‌గ్లాస్‌వి వాడుతున్నారు.

ఆరుగురు ఒకరి వెనుక ఒకరు కూర్చుంటారు. మొదటివారు వేసే తెడ్డే అందరికీ లయ. మధ్యలో ఒకరు కేక వేయగానే అందరూ ఒకేసారి తెడ్డును రెండో పక్కకు మారుస్తారు. చివరి వ్యక్తి దారి చూసుకుంటూ పడవను తిప్పుతారు. ఎవరైనా కుడివైపు మరీ ఒరిగితే దుంగ పైకి లేచి పడవ బోల్తా కొడుతుంది. అప్పుడు దాన్ని తిరగేసి, నీళ్లు తోడి, మళ్లీ ఎక్కడం ఎలాగో కొత్తవాళ్లకు తొలి పాఠాల్లోనే నేర్పుతారు. ఆ పని కూడా ఆరుగురూ కలిసి చేయాల్సిందే. పడవలో ఎంత బలవంతుడైనా ఒక్కడు తనకు తోచినట్టు తెడ్డు వేస్తే పడవ వేగం తగ్గుతుంది. తప్పెవరిదో తేల్చుకుంటూ కూర్చునే తీరిక నీళ్లలో ఉండదు. పడవకున్న ఈ గుణం నాకు ఎంతో ఇష్టం.

ఇక చరిత్ర. బయటి నుంచి వచ్చిన రోగాలతో పందొమ్మిదో శతాబ్దంలో హవాయి జనాభా దారుణంగా తగ్గిపోయింది. 1893లో హవాయి రాణిని గద్దె దించారు. 1898లో దీవులు అమెరికాలో కలిశాయి. హోనొలులులోని వైకీకీ తీరం హోటళ్ల చేతికి, సొంత ఇళ్ల చేతికి పోతుంటే మామూలు కుర్రాళ్లకు నీళ్లలోకి దిగే దారే కరువైంది. 1907లో అక్కడికి వచ్చిన అలెగ్జాండర్ హ్యూమ్ ఫోర్డ్ అనే పత్రికా రచయిత ఇది గమనించాడు. రచయిత జాక్ లండన్‌కు అలల మీద పలకతో స్వారీ చేయడం నేర్పినవారిలో ఆయనొకరు. కెనూలకూ ఆ పలకలకూ తీరంలో శాశ్వతంగా చోటుండాలని పట్టుబట్టి క్లబ్ పెట్టాడు. మరో రాణి అయిన ఎమ్మా ఎస్టేట్ ధర్మకర్తలు ఏడాదికి 10 డాలర్ల అద్దెకు, 20 ఏళ్ల గడువుతో స్థలం ఇచ్చారు. మూతపడిన ఒక జంతుప్రదర్శనశాల నుంచి కొన్న రెండు గడ్డి ఇళ్లే తొలి క్లబ్బు భవనాలు.

కాపాడుకోవాలనుకున్నది హవాయి వాళ్ల విద్య. క్లబ్బులో చేరినవాళ్లేమో దాదాపు అందరూ తెల్లవాళ్లే. ఎవరి తాతలు ఆ పడవలు తొలిచారో వాళ్లు బయట ఉండిపోయారు. దీన్ని ఆ కాలం అలాంటిదని సరిపెట్టుకోవడం నాకు ఇష్టం లేదు. అప్పుడే అది తప్పని అనుకున్నవాళ్లు ఉన్నారు, తమ జవాబు తాము చెప్పారు. హవాయి ఈతగాడు డ్యూక్ కహనమోకు, ఆయన స్నేహితులు 1911లో హుయి నాలు, అంటే అలల సంఘం, ఏర్పాటు చేసుకున్నారు. వాళ్లకు భవనం లేదు. వైకీకీలోని మొవానా హోటల్ దగ్గరి చెట్టు నీడే వాళ్ల సమావేశ మందిరం. మరుసటి ఏడాది స్టాక్‌హోం ఒలింపిక్స్‌లో వంద మీటర్ల ఈతలో బంగారు పతకం గెలిచింది ఆ చెట్టు నీడ నుంచి వెళ్లిన డ్యూకే!

రెండు సంఘాల మధ్య పోటీ రెండింటికీ మేలే చేసింది. 1917లో డ్యూక్ అవుట్‌రిగ్గర్ క్లబ్బులో చేరాడు. తలుపులు ఒక్క రోజులో తెరుచుకోలేదు, కానీ తెరుచుకున్నాయి. ఆ క్లబ్ సభ్యుడే అయిన టూట్స్ మిన్‌వియెల్ మొలొకాయ్ దీవి నుంచి ఓవాహూ దీవి దాకా, సుమారు 40 మైళ్ల నడిసముద్రంలో పోటీ పెట్టాలని ఏళ్ల తరబడి పోరాడాడు. 1952లో మూడు పడవలతో అది మొదలైంది. ఆడవాళ్లకు అదే జలసంధిలో అధికారికంగా పోటీ రావడానికి మాత్రం 1979 దాకా ఆగాల్సి వచ్చింది. సముద్రం ఎప్పుడూ వాళ్లను వద్దనలేదు, నిర్వాహకులే ఆలస్యం చేశారు.

మిన్‌వియెల్ చొరవతోనే 1959లో హవాయి కెనూలు కాలిఫోర్నియాకు వచ్చి, కాటలినా ద్వీపం నుంచి న్యూపోర్ట్ దాకా పోటీ జరిగింది. అక్కడి నుంచి ఈ విద్య మన వైపు కూడా పాకింది. ఇప్పుడు ఉత్తర కాలిఫోర్నియా క్లబ్బులకు సొంత అసోసియేషన్ ఉంది. పిల్లలకు, పెద్ద వయసువాళ్లకు, కొత్తగా తెడ్డు పట్టినవాళ్లకు వేరువేరు పోటీలున్నాయి. హవాయి రక్తం ఉన్నవాళ్లూ లేనివాళ్లూ ఒకే పడవ ఎక్కుతున్నారు.

మన ఫ్రీమాంట్‌కు శాన్ ఫ్రాన్సిస్కో బే ఒడ్డు ఉన్నా, అందులో ఎక్కువ భాగం బురద నేల, జమ్ము, పాత ఉప్పు మడులే. అయినా పడవ ఈ నేలకు కొత్త కాదు. కొయోటీ హిల్స్ పార్కులో ఈ ప్రాంత మూలవాసులైన ఒహ్లోనీ ప్రజల పాత ఊరి ఆనవాళ్లున్నాయి. వాళ్లు జమ్ములాంటి టూలే గడ్డిని కట్టలుగా బిగించి పడవలు చేసుకుని ఈ నీళ్లలో వేటకు వెళ్లేవారు. 1956లో అయిదు ఊళ్లు కలిసి ఫ్రీమాంట్ నగరమైంది. అంతకు వేల ఏళ్ల ముందే ఇక్కడ మనుషులున్నారు. ఆ పార్కు మన ఇళ్ల నుంచి కొద్ది నిమిషాల దూరమే. పిల్లలను ఒకసారి తీసుకెళ్లండి. మనం వచ్చి చేరిన నేల ఎవరిదో వాళ్లకు తెలియాలి.

ఇవన్నీ మన జూబిలీ వేళ చెప్పడానికి కారణం ఉంది. మన సంఘాలు కూడా కాపాడటానికే పుట్టాయి. భాషను, కూచిపూడిని, పండుగను కాపాడుతున్నామని మనం గర్వంగా చెప్పుకుంటాం, అందులో నిజం ఉంది. కానీ మన వేదిక ముందు కూర్చునేవాళ్లలో తెలుగు తడుముకుంటూ మాట్లాడే ఇక్కడ పుట్టిన పిల్లలున్నారు, తెలుగింటి కోడళ్లూ అల్లుళ్లూ అయిన వేరే భాషల వాళ్లున్నారు. ఊరి నుంచి ఆరు నెలలకని వచ్చి నాలుగు గోడల మధ్య గడిపే అమ్మానాన్నలున్నారు. హాలు సర్దేటప్పుడు, కుర్చీలు వేసేటప్పుడు వాళ్లు కావాలి. నిర్ణయాలు తీసుకునే బల్ల దగ్గర మాత్రం వాళ్లు కనిపించరు. అవుట్‌రిగ్గర్ క్లబ్ తొలి ఏళ్లలో చేసిన పొరపాటుకు ఇది మరీ దూరం కాదు.

కార్యవర్గానికి నాదొక విన్నపం. ఈ జూబిలీ ఏడాది నుంచే కార్యవర్గంలో కనీసం రెండు స్థానాలు పాతికేళ్లలోపు వాళ్లకు ఇవ్వండి. వాళ్లకు మాట తడబడినా సరే, ఓటు హక్కుతో సహా ఇవ్వండి.