అడుగుకి అరంగుళం

ఈ సంక్రాంతికి పాలకీడులో మా పుట్టింట్లో, వాకిట్లో ముగ్గు చెరగకముందే తగువు మొదలైంది. ఆస్తి తగువు కాదు, కంగారు పడకండి. 2001లో అమ్మేసిన కారు ఏ రంగులో ఉండేదన్నదే తగువు.

మా అన్నయ్య కొడుకు ఇంజనీరింగు చదువుతున్నాడు. సెలవులకి వచ్చినవాడు గాలిపటాల జోలికి పోకుండా వసారాలో చెక్కముక్కలు, ఉప్పుకాగితాలు పరుచుకుని కూర్చున్నాడు. వాళ్ల తాత అంబాసిడర్‌ని చేస్తున్నాడట. "ఈ వయసులో బొమ్మలేమిట్రా?" అంటే వాడికి రోషం వచ్చింది.

"బొమ్మ కాదత్తా, స్కేల్ మోడల్. బొమ్మయితే కారు లెక్క ఉంటే చాలు. ఇది తాత కారే కావాలె."

ఆ ఒక్క మాటకి నేను చేతిలో చాట పక్కన పెట్టి వాడి పక్కన చతికిలబడ్డాను. నాన్న పోయి ఆరేళ్లయింది. కారు పోయి అంతకు మూడింతలకు పైనే అయింది.

లెక్క సులువుగానే ఉంది. అసలు కారులో అడుగు, వాడి కారులో అరంగుళం. అంటే ఇరవై నాలుగో వంతు. అంబాసిడర్ పొడవు పద్నాలుగడుగుల పైచిలుకు కాబట్టి వాడిది ఏడంగుళాలు తేలింది. వెడల్పు రెండుముప్పావు. నలుగురు కూర్చోవలసిన చోట ఎనిమిది మందిమి ఇరుక్కుని, ఒళ్లో పులిహోర గిన్నెతో సహా ప్రయాణాలు చేసిన బండి ఇప్పుడు అరచేతిలో పట్టింది!

సరే, వీడి పిచ్చికి ఒక వంశవృక్షం ఉంటుంది కదా అని వెతికాను. కథలు రాసేదాన్ని, ఎవరి పిచ్చి ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆరా తీయడం నాకు అలవాటు.

చిన్న కార్లకి పెద్ద చరిత్రే ఉంది. ఇంగ్లండులో ఫ్రాంక్ హార్న్‌బీ అనే ఆయన రైలుబొమ్మలు చేసేవాడు. ఆ రైళ్ల పక్కన పెట్టుకోవడానికి 1930ల మొదట్లో చిన్న చిన్న లోహపు బళ్లు పోతపోయించాడు. డింకీ కార్లుగా పేరుపడ్డవి అవే. రైలుకి అడుక్కి ఏడు మిల్లీమీటర్ల కొలత ఉండేది కనుక ఆ పక్కన నిలబడే కార్లకీ దాదాపు అదే వచ్చింది. నలభైమూడో వంతు అనే ఆ వింత లెక్క ఇప్పటికీ నడుస్తోందంటే కారణం ఆ రైలే. పెళ్లికొడుకు పక్కన తోడుపెళ్లికొడుకులా వచ్చిన కారు చివరికి పెళ్లికొడుకే అయి కూర్చుంది.

అగ్గిపెట్టె కార్ల కథ నాకు మరీ నచ్చింది. లండనులో లెస్నీ అనే చిన్న పోత కార్ఖానాలో జాక్ ఓడెల్ అనే ఇంజనీరు భాగస్వామి. వాళ్లమ్మాయి చదివే బడిలో ఒక నియమం ఉండేదట: ఇంటినుంచి తెచ్చుకునే ఆటవస్తువు అగ్గిపెట్టెలో పట్టాలి, అంతకన్నా పెద్దదైతే వద్దు. ఆ తండ్రి రోడ్డు రోలరు ఒకటి ఇత్తడితో అంత చిన్నగా చేసి, ఎరుపూ ఆకుపచ్చా రంగులు వేసి, అగ్గిపెట్టెలో పెట్టి కూతురికిచ్చాడు. బడిలో పిల్లలందరూ నాకూ కావాలంటే నాకూ కావాలన్నారు. 1953లో మ్యాచ్‌బాక్స్ కార్లు బజారుకొచ్చాయి. మగపిల్లల ఆటవస్తువని లోకమంతా ముద్రవేసిన దాన్ని మొట్టమొదట బడికి పట్టుకెళ్లింది ఒక ఆడపిల్ల. ఈ సంగతి మా అన్నయ్యకి చెబితే "అయితే ఏందంట?" అన్నాడు. నాకు కార్లు ఇవ్వకుండా దాచుకున్నవాడు మరి!

అయితే ఇవన్నీ కొనుక్కునేవి. చేత్తో చేసుకునే విద్యకి పట్టం కట్టింది అమెరికాలో జనరల్ మోటార్స్ వారి ఫిషర్ బాడీ సంస్థ. 1930లో వాళ్లు మగపిల్లల కోసం ఒక శిల్పుల సంఘం పెట్టారు. మొదట్లో ఇచ్చిన పరీక్ష కారు కూడా కాదు, నెపోలియన్ నాటి గుర్రపుబండి. దాని నమూనా చేతికి వచ్చిన సామానుతో చేసి పంపాలి. చక్రాలు తిరగాలి, తలుపులు తెరుచుకోవాలి, లోపల మెత్తలుండాలి, పైన నగిషీ ఉండాలి. వడ్రంగం, లోహపు పని, కుట్టుపని, రంగులపని అన్నీ ఒక్క పిల్లవాడే చెయ్యాలి. ఒక్కో బండికి వందల గంటలు పట్టేవి. ఆ లోపలి పట్టుమెత్తలు కుట్టడానికి ఎంతమంది కుర్రాళ్లు అమ్మ పక్కన కూర్చుని సూదిలో దారం ఎక్కించడం నేర్చుకున్నారో!

అవి అమెరికాలో ఉద్యోగాలు ఊడి జనం రొట్టె కోసం వరసల్లో నిలబడ్డ రోజులు. 1931లో తేలిన మొదటి పోటీలో నలుగురు పిల్లలకి తలా ఐదువేల డాలర్ల చదువుఖర్చు ఇచ్చారు. ఆ రోజుల్లో అది ఒక ఇంటి గతినే మార్చేసే సొమ్ము. తర్వాత తర్వాత గుర్రపుబండి పోయి కార్లు వచ్చాయి. అడుగుకి అంగుళం లెక్కన, పిల్లలు సొంతంగా ఊహించుకున్న కార్లు. 1947లో గెలిచిన చక్ జోర్డాన్ అనే కుర్రాడు పెద్దయ్యాక, 1986లో, అదే జనరల్ మోటార్స్‌కి రూపకల్పన విభాగాధిపతి అయ్యాడు. 1968లో పోటీలు ఆగిపోయాయి. ఆడపిల్లలకి మాత్రం చివరిదాకా ప్రవేశం లేదు. అదే కంపెనీ 1950లలో కార్ల లోపలి సొగసులు దిద్దడానికి స్త్రీలను ఉద్యోగాల్లోకి తీసుకుంది. వారిలో రూత్ గ్లెన్నీ 1958లో ఒక కారు చేసింది, నాలుగు రుతువులకి నాలుగు జతల సీటు గలేబులతో. మన ఇళ్లలో పండక్కో దిండు గలేబు మార్చడంలా లేదూ?

1958లోనే ఏ.ఎం.టి. అనే కంపెనీ ప్లాస్టిక్ ముక్కల పెట్టెలు అమ్మడం మొదలెట్టింది. ఒకే పెట్టెతో ఆ కారును మూడు రకాలుగా కట్టొచ్చు: షాపులో ఉన్నట్టు, పందెం కారులాగ, లేదా మన ఇష్టమొచ్చినట్టు. ఆ మూడోదాన్నే కస్టమ్ అన్నారు. మా వాడు చేస్తున్నది నిజానికి అదే. ఎందుకో తర్వాత చెబుతాను.

ఇక మన దగ్గరికి వద్దాం. కలకత్తాలో కొంతకాలం డింకీ వారి పాత అచ్చులతో నిక్కీ అనే కార్లు తయారయ్యాయిగాని, పాలకీడు దాకా అవెందుకొస్తాయి? మాకు తెలిసిన కార్లు జాన్‌పహాడ్ దర్గా ఉర్సులో, జనవరి చలిలో, నేలమీద పట్టా పరిచి అమ్మే రేకు కార్లే. ఇంటికి చేరేలోపు ఒక చక్రం ఊడేది. అసలు అంబాసిడర్ సంగతి చూస్తే, మారిస్ ఆక్స్‌ఫర్డ్ అనే ఇంగ్లీషు కారును తెచ్చుకుని 1957 నుంచి 2014 దాకా హిందుస్థాన్ మోటార్స్ చేస్తూనే ఉంది. 1962లో మార్కు రెండు, 1975లో మూడు, 1979లో నాలుగు. మార్కు మారితే ముందు జాలీ మారుతుంది. మా వాడు నాన్న కారుది మార్కు మూడని తేల్చడానికే రెండు రోజులు ఫోటోలు భూతద్దం పెట్టి చూశాడు.

చెక్క విషయంలో వాడు అమెరికావాళ్లను అడగనక్కర్లేదని నేనే చెప్పాను. మా ఊరినుంచి కోదాడ చేరి, బెజవాడ రోడ్డు పట్టుకుని పోతే కొండపల్లి. చిన్నప్పుడు ఇంద్రకీలాద్రికి వెళ్లినప్పుడల్లా నాన్న అక్కడ కారు ఆపేవాడు. అక్కడి బొమ్మలు తెల్లపొణికి చెక్కతో చేస్తారు. దూదిలా తేలిక. ముందు సన్నసెగ మీద కాచి తడి పోగొడతారు. తల వేరే, చేతులు వేరే చెక్కి, చింతగింజల పొడీ రంపపుపొట్టూ కలిపిన మక్కుతో అతుకుతారు. అతుకు కనపడకుండా రాసి, సున్నం పూసి, ఆరాక రంగు. మా వాడి పుస్తకాల్లో మోడల్ కారుకి రాసున్నది చూస్తే అక్షరాలా ఇదే: అతుకు, లప్పం, రాపిడి, ప్రైమరు, రంగు. పేర్లే మారాయి. అంబారీ ఏనుగును చేసిన చెయ్యి అంబాసిడర్‌ని చెయ్యలేదా?

నిర్మల్ సంగతి ఇంకా చిత్రం. అక్కడా పొణికి చెక్కే, చింతగింజల ముద్దే. కానీ ఆ బొమ్మలకీ, నల్లటి పలకల మీద బంగారు లతలు మెరిసే ఆ చిత్రాలకీ మన కాలంలో వాడుతూ వచ్చినవి డ్యూకో రంగులు. డ్యూకో అంటే ఏమిటనుకున్నారు? సాక్షాత్తూ కారు రంగు! పూర్వం కారుకి వార్నిషు పూతలు ఆరడానికి వారాలు పట్టేది. ఫోర్డు మోడల్ టి 1914 నుంచి 1925 దాకా నల్లరంగులోనే దొరికేది. 1920లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ సినిమా ఫిలిం ప్రయోగశాలలో, అనుకోకుండా, చిక్కగా ఉండి చిటికెలో ఆరే లక్కలాంటి పదార్థం ఒకటి తేలింది. దానికి డ్యూకో అని పేరుపెట్టి, 1924 మోడలు ఓక్లండ్ కార్లకి నీలంరంగు వేశారు. వారాలు గంటలయ్యాయి. కార్లకి రంగులొచ్చాయి. అదే రంగు సముద్రాలు దాటి వచ్చి నిర్మల్ నఖాషీ పనివాళ్ల కుంచెకి అంటుకుంది. కారుకోసం పుట్టిన రంగు చెక్కబొమ్మ మీదికి వచ్చింది. ఇప్పుడు మా వసారాలో చెక్కబొమ్మే కారై ఆ రంగును తిరిగి అడుగుతోంది. మా ఊళ్లో వడ్రంగులు కూడా బీరువాకి నున్నటి రంగు వెయ్యమంటే "డ్యూకో వేయాల్నా అమ్మా?" అని అడుగుతారు. ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇన్నాళ్లూ నేను ఆలోచించనేలేదు.

రంగు దగ్గరే తగువని చెప్పానుగా. మా వాడు తెలుపన్నాడు. సినిమాల్లో మంత్రిగారి అంబాసిడర్లు చూసి పెరిగాడు పాపం. అన్నయ్య మీగడ రంగన్నాడు. నేను లేత నీలమని ఒట్టు పెట్టుకున్నాను. ఫోటోలు చూద్దామంటే, ఆనాటి రంగు ఫోటోల్లో నీలం, ఆకుపచ్చ ముందు వెలిసిపోయి అన్నీ ఎర్రబారాయి. కారే కాదు, అక్క పెళ్లిచీర కూడా గుర్తుపట్టలేం. నాన్న పాత కారు కొన్నది 1985లో. 1989లో అక్క పెళ్లని కోదాడలో షెడ్డుకిచ్చి డెంటింగు, పెయింటింగు చేయించాడు. కంపెనీ వేసిన రంగు కాదు, అక్కడ డబ్బాలు కలిపి చేసిన రంగు. ఏ పట్టీలోనూ దొరకదు. కస్టమ్ అన్నది అందుకే.

పొయ్యి దగ్గర అరిసెలు వత్తుతున్న అమ్మ ఇదంతా విని, తల తిప్పకుండా అంది: "చిక్కుడాకు ఎనకపక్క సూడున్రి. గదే రంగు."

ఎవరమూ నమ్మలేదు. ఎనభై దాటిన మనిషి, ఏదో అంటోందిలే అనుకున్నాం. మధ్యాహ్నం అమ్మే లేచి, అటక కింది తన ట్రంకుపెట్టె మీద దుప్పట్లు దించమంది. పెట్టెకి పైన రెండుసార్లు వేరే రంగులు పడ్డాయి. మూత తెరిచి లోపలివైపు చూపించింది. షెడ్డులో మిగిలిన రంగు డబ్బా నాన్న ఇంటికి తెచ్చి, ఎందుకు పారేయడమని ఆ పెట్టెకి లోపలా బయటా వేయించాడట. ఎండ తగలని మూత లోపల ఆ రంగు అప్పటిలాగే ఉంది. లేత పచ్చ, మీద బూడిద చల్లినట్టు. చిక్కుడాకు వెనకవైపే. ముప్పై ఏళ్లకు పైగా పండగపండక్కీ ఆ మూత తెరుస్తూ, మూస్తూ అమ్మ ఒక్కతే చూస్తోంది. మేం ఎవరమూ అడగలేదు.

మూత మీది రంగుని ఫోటో తీస్తే కుదరదని, పెట్టెలో వస్తువులన్నీ దించి, ఆటోలో వేసుకుని మిర్యాలగూడ రంగుల షాపుకి పట్టుకెళ్లాడు మా వాడు. సరిగ్గా అదే కలిపించి తెచ్చాడు. పండగ మర్నాడు తెల్లవారుజామున, ఇంకా మంచు కురుస్తుండగానే తొందరపడి స్ప్రే కొట్టాడు. రంగు మీద తెల్లటి పొగలాంటి మసక కమ్మింది. గాలిలో తడి ఉంటే అంతే. మొత్తం గీకి, మళ్లీ ప్రైమరు పూసి, ఈసారి ఎండెక్కాక వేశాడు. అప్పుడు ఇంకో పేచీ. సరిగ్గా అదే రంగైనా చిన్న కారు మీద ముదురుగా కనిపించింది. చిన్న వస్తువు మీద రంగు చిక్కబడినట్టు కనబడుతుందట, అందుకని మోడల్ చేసేవాళ్లు కాస్త తెలుపు కలుపుతారట. ఒక్కో చుక్క కలపడం, అమ్మకి చూపించడం. "ఇంకొంచెం." "ఆఁ, సాలు."

సీట్లకి నా పాత పర్సు రెక్సిను కోశాడు. బట్ట అయితే నేత ముతకగా కనబడుతుంది, దారాన్ని ఇరవై నాలుగో వంతు చేసేవాళ్లు లేరు. బంపర్లకి వంటింటి అల్యూమినియం కాగితం. వెనక సీటు మధ్యలో చేతులు ఆన్చుకునే మెత్త ఉండేదా లేదా అంటే అన్నయ్యకి గుర్తులేదు, వాడు ఎప్పుడూ ముందే కూర్చునేవాడు. అది నేను చెప్పాను.

పది పూతలు పడి, మెరుగు పెట్టాక, ఆ ఏడంగుళాల కారును పీట మీద పెట్టి అమ్మ ముందుంచారు. కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. ముందు జాలీ చూసింది, డిక్కీ చూసింది. వేలితో పైకప్పు నిమిరింది. తర్వాత అటు తిప్పి, ఎడంవైపు వెనక తలుపు దగ్గర ఆగింది.

"ఇక్కడ సొట్ట ఏదిరా? జాన్‌పహాడ్ నుంచి వస్తుంటే ఎడ్లబండి కాడి తగల్లే? మీ తాత మూడు దినాలు అన్నం సరిగ తినలే."

మావాడు అద్దంలా మెరుస్తున్న ఆ తలుపు వంక ఒక్క నిమిషం చూశాడు. ఆ తర్వాత లేచి వెళ్లి అన్నిటికన్నా చిన్న ఉలి తెచ్చుకున్నాడు.